“రంగేయడమే కదా” అనే మాట గురించి



ఇబ్రహీంపట్నంలో పొద్దున లేబర్ అడ్డా మీద కాసేపు నిలబడండి. ఒక మాట తప్పకుండా వినిపిస్తది: “రంగేయడమే కదా, అంత కూలా?” ఈ వారం ఆ మాట గురించే రాస్తున్న.

సాగర్ రోడ్డు పొడవునా లేచిన ఇండ్లల్లో కిచెన్ కబోర్డుల సన్‌మైకా పాతబడ్డది. కొత్తవి చేయిస్తే మస్తు ఖర్చు. అందుకే ఉన్నవాటికే రంగు వేయిస్తున్నరు. మంచి ఆలోచనే. మా ఇంట్ల కబోర్డులకు ఈ మధ్య నేనే వేసిన, మా వాడల పెయింటర్ అన్న పక్కన కూసొని చెప్తుంటే.

సన్‌మైకా అంటే కాగితం పొరలను రెజిన్‌తో వేడి మీద అదిమి చేసిన నున్నటి షీటు. దాని మీద రంగు ఊరికే నిలవదు. ముందు తలుపులు, హ్యాండిళ్లు విప్పాలె. ఏండ్ల నుంచి పేరుకున్న పోపు జిడ్డంతా సబ్బునీళ్లతో కడగాలె. ఆరినంక 220 నంబరు ఎమరీ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దాలె. దుమ్ము తుడిచి, నున్నటి వాటికి పట్టే ప్రైమర్ వేసి, రాత్రంతా ఆరనియ్యాలె. ఆ తర్వాతనే పలుచగ రెండు కోటింగ్‌లు. నాలుగు రోజుల పనిల రంగు డబ్బా మూత తీసింది మూడో రోజు. జిడ్డు మీదనే రంగేస్తే కొన్ని నెలలకే పొరలు పొరలుగా లేస్తది.

మరి ఆ మొదటి రెండు రోజుల కూలి ఎవరు లెక్కగడుతున్నరు? గుత్త మాట్లాడేటోళ్లకు కనిపించేది ఆఖరి మెరుపే. కడుగుడు, రుద్దుడు, దుమ్మెత్తుడు ఈ దేశంల పని లెక్కల రావు, ఎందుకంటే వాటిని చేసేది ఎవరో తరతరాలుగా నిర్ణయమై ఉన్నది.

ఆ దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతున్నది? ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించొద్దన్న నిబంధన 2017 నవంబర్ 1 నుంచే అమలైంది. అంతకు ముందు ఆయిల్ పెయింట్ వేసిన చెక్కను పొడిగా గీకితే సీసం గాల్లో కలిసే ప్రమాదమున్నది. మూతికి తువ్వాల కట్టుకుంటే అది ఆగదు. సరైన మాస్కు ఇయ్యాలె, పాత రంగును తడిపి రుద్దాలె.

ఇంకో సంగతి. స్టీలు గ్లాసులు పెట్టే అల్మారాకు రంగేసిన మనిషికి అదే వంటింట్ల నీళ్లు ప్లాస్టిక్ గ్లాసుల వస్తయి. “వాడి పడేయొచ్చని” అంటరు. ఇంటికొచ్చిన సుట్టాలకు అట్ల ఇస్తరా? 1927 మార్చి 20న మహద్‌ల బాబాసాహెబ్ చెరువు నీళ్లు దోసిట్ల పట్టింది నీళ్ల కోసమే కాదు, సమానంగా తాగే హక్కు కోసం. ఆ హక్కు ఇంకా వంటింటి గడప దాటలేదు.

ఇక్కడి కాలేజీల్లో చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక్క కబోర్డు తలుపు మీ చేతులతో రుద్ది చూడండి. రేపు మీరే ఇల్లు కట్టి పెయింటర్‌ను పిలిచిన రోజు బేరమాడే ముందు భుజం నొప్పి యాదికి రావాలె.

మీ వాడల రంగులు వేసే అన్నలకు ఒక మాట చెప్పండి. 18 నుంచి 60 ఏండ్ల లోపు ఉండి, ఏడాదిల 90 రోజులు పనిచేసినోళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుల నమోదు కావొచ్చు. 1996 చట్టం ఇచ్చిన హక్కు అది. ఫారం నింపుడు మనకొస్తది. ఈ ఆదివారం ఒక్కరిదన్నా నింపుదాం.