లోపం జింకుది.. బారులు యూరియాకు

చలక భూముల్లో వరి విస్తరణతో కొత్త చిక్కు
రైతు మడిని చూడని భూసార కార్డు

తిరుమలగిరి: యాసంగి నాట్లు పడిన మూడు, నాలుగు వారాలకు చలక మడుల్లో తరచుగా కనిపించే దృశ్యమిది. పైరు ఎదుగుదల నిలిచిపోతుంది. పిలకలు రావు. పైనుంచి మూడో, నాలుగో ఆకుపై తుప్పు రంగు మచ్చలు లేస్తాయి. గట్టుపై నిలబడి చూసిన రైతు నేరుగా ఎరువుల దుకాణానికి వెళ్లి యూరియా బస్తా తెస్తాడు. చల్లి వారం గడిచినా మడి పచ్చబడదు. మరో బస్తాకు అప్పు చేస్తాడు.

వ్యాధి ఒకటి, మందు మరొకటి కావడమే ఇందుకు కారణం. నత్రజని తక్కువైతే ముదురు ఆకులు కొన నుంచి సమంగా పసుపుబారుతాయి. జింకు తక్కువైతే ఆకు మొదట్లో ఈనె పాలిపోయి, మచ్చలు పడి, ఆకు పెళుసెక్కుతుంది. వంచితే చప్పుడుతో విరుగుతుంది. ఈ పరీక్షకు ప్రయోగశాల అవసరం లేదు. ఉత్తరాదిన ‘ఖైరా’గా పిలిచే ఈ జబ్బుకు మూలం జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్‌లో గుర్తించిన శాస్త్రవేత్త వై.ఎల్.నెనె ఆ తరువాత మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోనే పనిచేశారు. ఆరు దశాబ్దాలు కావస్తున్నా ఆ విషయం గట్టు దాకా రాకపోవడం విచారకరం.

ఈ ప్రాంతంలో ఎర్ర చలకలు, దుబ్బ నేలలు, మధ్య మధ్య నల్లరేగడి ఉన్నాయి. చలకలో ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ. జొన్న, కంది, పెసర, ఆముదం, పత్తి వానను నమ్ముకుని పండిన భూములివి. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు, 2019 తరువాత ఎస్సారెస్పీ రెండో దశ కాలువల్లో గోదావరి జలాలు రావడంతో వరి చలకల్లోకి వ్యాపించింది. నీరు వచ్చినందుకు చింతించేవారు ఎవరూ లేరు. అయితే నీరు నిలిచిన నేల ఇక పాత నేల కాదు.

గాలి ఆడని మట్టిలో ఇనుము కరిగి మొక్కకు సులభంగా అందుతుంది. జింకు మాత్రం కరగని రూపంలోకి మారి మట్టినే అంటిపెట్టుకుంటుంది. అందుకే ఒకే రైతు పొలంలో మెట్ట నారుమడి ఇనుము అందక తెల్లబారుతుంది, అన్నభేది పిచికారీ చేయాల్సి వస్తుంది. దమ్ము చేసిన పక్క మడికి జింకు అందదు. పోషకం నేలలో ఉండటం వేరు, వేరుకు అందడం వేరు. అందులోనూ డిసెంబరు, జనవరి చలికి వేర్ల పెరుగుదల మందగిస్తుంది. కనుకనే వానాకాలం కంటే యాసంగిలో ఈ బెడద ఎక్కువ.

దీనికి డీఏపీ తోడవుతోంది. 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. ఎకరా వరికి భాస్వరం అవసరం దాదాపు ఒక బస్తాతో తీరుతుంది. రెండు వేసే అలవాటు మనది. మొక్క తీసుకోగా మిగిలినది ఎటూ పోదు, నేలలో పేరుకుంటుంది. భాస్వరం మితిమీరితే జింకును మొక్క తీసుకోలేదు. అంటే రూ.1,350 చెల్లించి రైతు తన మడికి తానే లోపం కొని తెచ్చుకుంటున్నాడు.

ధరల విధానమూ ఇందుకు దోహదం చేసింది. 2010 ఏప్రిల్ నుంచి పోషకాల ఆధారిత రాయితీ అమలులోకి వచ్చి భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలు పెరిగాయి. యూరియాను మాత్రం అందులో చేర్చలేదు. 45 కిలోల బస్తా రూ.266.50కే దొరుకుతుంటే చేయి అటే పోతుంది. 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ బస్తా కోసం రాష్ట్రమంతటా రైతులు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి కాపు కాశారు. వారిని తప్పుపట్టలేము. నత్రజని లేనిదే వరి లేదు. కానీ జింకు లోపించిన మడిలో చల్లిన యూరియా చాలా వరకు వృథా. నత్రజని మితిమీరిన పైరుకు అగ్గితెగులు, దోమపోటు కూడా తోడవుతాయి.

మట్టి పరీక్షలు లేవా అంటే ఉన్నాయి. 2015 ఫిబ్రవరి 19న కేంద్రం భూసార కార్డుల పథకం ప్రారంభించింది. జింకుతో సహా 12 అంశాలు కార్డులో ఉంటాయి. కాగా నీటి వసతి గల చోట రెండున్నర హెక్టార్లకు, అంటే ఆరెకరాలకు పైగా విస్తీర్ణానికి, ఒక నమూనా తీయాలని నిర్ణయించారు. మెట్టలో పది హెక్టార్లకు ఒకటి. గట్టు దాటితే చలక రేగడిగా మారే ఊళ్లలో, రెండెకరాల రైతుకు వచ్చిన కార్డు ఎవరి మట్టిదో చెప్పడం కష్టం. ఏటా మడి మారే కౌలుదారుకు మూడేళ్లకోసారి వచ్చే కార్డుతో ఒరిగేదేమిటి? జిల్లాలో కృషి విజ్ఞాన కేంద్రం గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలో ఉంది. తిరుమలగిరికి అది జిల్లా అవతలి కొస.

ఒకప్పుడు చలకకు బలం గొర్రెల మంద. పంట తీసిన బీడులో పగలు మేసిన మందను రాత్రి పొలంలో పెట్టించి గొల్ల, కురుమలకు వడ్లు కొలిచేవారు. రెండు కార్లూ వరే అయ్యాక మేతకు బీడు మిగల్లేదు, మందా రావడం లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కాలంలో చెరువు మట్టి తోలుకున్న చలకలకు కొంత పట్టు వచ్చింది. కోత యంత్రం వదిలిన గడ్డిని తగలబెట్టకుండా కలియదున్నినా ఎంతో కొంత కర్బనం నిలుస్తుంది.

జింకు విషయంలో సిఫారసు స్పష్టంగానే ఉంది. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. డీఏపీతో కలపరాదు, రెండింటి మధ్య కనీసం రెండు రోజులు ఎడం ఉండాలి. పైరుపై లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున ఐదు రోజుల తేడాతో రెండు, మూడు సార్లు పిచికారీ చేయాలి. మట్టి నమూనాకు అనువైన సమయం యాసంగి కోతల తరువాత, వేసవి. మడిలో ఎనిమిది, పది చోట్ల జానెడు లోతు వరకు తీసి కలిపి, అరకిలో గుడ్డసంచిలో కట్టి ఇవ్వాలి. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప పోసిన చోట తీసిన మట్టి పనికిరాదు.