పొయ్యిలో బూడిద, గొట్టంలో మసి



క్రిందటి నెలలో గృహకూడికకు ఒక ఇంటికి వెళ్ళాము. ఆ ఇంటి తల్లి టీ కాచుచుండగా వంటిల్లంతా పొగ కమ్మింది. పొగగొట్టం ఉన్న పొయ్యే, అయినా కళ్ళు తెరవలేకపోయాము. "ఇది పనికిరాదమ్మగారూ, పగులగొట్టి మామూలు పొయ్యి వేసుకుంటాను" అన్నది. గొట్టం ఎప్పుడు దులిపావమ్మా అని అడిగితే, "గొట్టం కూడా దులుపుతారా?" అని నా ముఖం చూచింది.

ఆమెను ఏమనగలను? మా ఇంట్లోనూ ఇదే జరిగింది. పొయ్యి కట్టినవారు కట్టి వెళ్ళారు, శుభ్రం చేయడం చెప్పలేదు. రెండో వర్షాకాలానికి పొగ ఇంట్లోకే తిరిగి వచ్చింది. మా అత్తగారు దగ్గుతూ ఆ పొయ్యి ముందే కూర్చునేవారు. చలిగాలి దగ్గు అనుకున్నాము. చివరికి గొట్టం విప్పి చూస్తే, మూడంగుళాల గొట్టంలో వేలు దూరే సందు మాత్రమే మిగిలింది. ఆ దగ్గు తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పొగలేని పొయ్యి మనకు క్రొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి.రాజు గారు ఒకటి రూపొందించారు. దానిని గూర్చి ఆయన వ్రాసిన పుస్తకాన్ని 1953లో మద్రాసు క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ వారే అచ్చువేశారు. ఆ తర్వాత 1983 నుండి 2002 వరకు కేంద్ర ప్రభుత్వం ఊరూరా ఇటువంటి పొయ్యిలు కట్టించింది. చాలా వరకు మూలబడ్డాయి. ఇప్పుడు గ్యాసు వచ్చినా, స్నానాల నీళ్ళకు, సిలిండరు అయిపోయిన రోజులకు కట్టెల పొయ్యే గదా దిక్కు.

బూడిద రోజూ ఉదయం నిప్పు పెట్టకముందే తీయాలి. పొయ్యి నోటిలోనిది తీస్తే చాలదు. రెండో గిన్నె క్రిందికి వెళ్ళే సొరంగంలోనిది కూడా గరిటెతోనో చిప్పతోనో లాగాలి. అక్కడ నిండితే మంట ముందుకు పోదు. ఎత్తిన బూడిదను ఇనుప బొచ్చెలోనే ఉంచండి. నివురు క్రింద నిప్పు మరునాటి వరకు ఉండగలదు, గడ్డివాము దగ్గర పోయవద్దు. లేవీయకాండము 6వ అధ్యాయంలో బలిపీఠము మీది బూడిదె ఎత్తే పని యాజకునికే అప్పగింపబడింది. దానికి వేరే వస్త్రములు కూడా చెప్పబడ్డాయి. మన ఇళ్ళలో మాత్రం అది కోడలి పని అయిపోయింది!

గొట్టం నెలకొకసారైనా దులపాలి. పచ్చి కట్టెలు, కంప వాడేవారు పదిహేను రోజులకే చేయాలి, తడి కట్టెకు మసి ఎక్కువ. రాత్రి పొయ్యి పూర్తిగా ఆర్పి, ఉదయం చల్లబడ్డాక మొదలుపెట్టండి. గిన్నెలు పెట్టే కన్నాలను తడి గోనెసంచితో మూయండి, లేకపోతే ఇల్లంతా నల్లబడుతుంది. పైనున్న టోపీ తీసి, పొడవాటి వెదురు కర్రకు గోనెగుడ్డ గట్టిగా చుట్టి, పైనుండి క్రిందికి దింపుతూ త్రిప్పాలి. టోపీ లోపలా, గొట్టం అడుగునా మసి గట్టిపడుతుంది, అక్కడ చేయి పెట్టి చూచుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పైకప్పు ఎక్కే పని మగపిల్లలకు చెప్పండి, వారు తినే అన్నమూ ఆ పొయ్యి మీదిదే.

పాత సిమెంటు గొట్టాలలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని ఇనుప చువ్వతో గోకవద్దు, కోయవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పగిలితే మార్చుకోవడమే మేలు.

పూరిల్లు గలవారు మరీ జాగ్రత్త. పేరుకున్న మసి అంటుకుంటే గొట్టం గుయ్యిమని శబ్దం చేస్తుంది. అప్పుడు పిల్లలను బయటికి పంపి, పొయ్యి నోటిని, కన్నాలను తడి మట్టితో మూసి, ఇరుగుపొరుగును కేకవేయండి. కాలే గొట్టంలో నీళ్ళు పోస్తే పగులుతుంది.

పొయ్యి చుట్టూ పగుళ్ళను బంకమట్టి, పేడ కలిపి అలకండి. రెండో కన్నం మీద గిన్నె లేనప్పుడు మూతపెట్టండి, ఊరకే తెరచి ఉంచితే పొగ అటే వస్తుంది.

బూడిదను వంగ, బెండ పాదులకు కొద్దిగా వేసుకోవచ్చు గాని యూరియాతో కలపవద్దు, ఎరువులోని సారం గాలికి పోతుంది.

నేను చెప్పిన ఆ ఇంట్లో అబ్బాయి శనివారం గొట్టం దులిపాడు. బేసిన్ నిండా మసి వచ్చిందట. పొయ్యి పగులగొట్టలేదు.