జాతిదోషమా, రాజ్యదోషమా?

ఆదివాసి యువజనులు ఆత్మహత్యల పాలగుచున్నారను వార్త వచ్చినప్పుడెల్ల, నాగరకులమని చెప్పుకొనువారి నోట రెండు మాటలు వెలువడుచుండును. "అది వారి స్వభావము" అనునది మొదటిది. "త్రాగుడు వారిని చెఱచినది" అనునది రెండవది. మొదటిది అసత్యము, రెండవది అర్ధసత్యము. రెండును దోషమును తెచ్చి బాధితుల నెత్తిన రుద్దునవే. ఇది మా యావేశము గాదు. లెక్కలే యిందుకు సాక్ష్యము చెప్పుచున్నవి.

కెనడా దేశపు పశ్చిమతీరమున బ్రిటిష్ కొలంబియా యను రాష్ట్రము గలదు. అందు రెండువందలకు దగ్గఱగా మూలవాసుల సమూహములున్నవి. మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లలోండ్ అను మనశ్శాస్త్రజ్ఞులు 1987 మొదలు 1992 వఱకు ఆ సమూహములలో జరిగిన యువజనుల ఆత్మహత్యలను వేఱువేఱుగా లెక్కించి, 1998లో ప్రకటించిరి. రాష్ట్రమంతటికిని సగటు తీసినచో మూలవాసుల సంఖ్య భయంకరముగనే యుండెను. కాని యా సగటును విడదీసి చూడగా, సగమునకు మించిన సమూహములలో ఆ కాలమున నొక్క యువకుడును, నొక్క యువతియు ఆత్మహత్య చేసికొనలేదని తేలినది. దుఃఖమంతయు కొలది సమూహములలోనే గూడుకట్టుకొని యుండెను. జాతిస్వభావమే కారణమైనచో, ఒక పల్లెను కబళించిన యా స్వభావము పొరుగుపల్లెను తాకకుండుట యెట్లు?

ఆ పండితులు మఱియొక ప్రశ్న వేసిరి. స్వపరిపాలన, భూమిహక్కులకై వ్యాజ్యము, బడి, వైద్యము, పోలీసు మఱియు అగ్నిమాపక సేవలు, సంస్కృతికై ప్రత్యేకించిన భవనము—ఈ యాఱింటిలో నెన్ని యా ప్రజల చేతిలో నున్నవి? ఆఱును ఉన్నచోట యువజనుల ఆత్మహత్యలు లేనే లేవు. ఒక్కటియు లేనిచోట, సంవత్సరమునకు లక్షకు 137 చొప్పున యువప్రాణములు పోయినవి. 2007లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనలో, సగముమందికి పైగా తమ భాషలో మాటలాడగల సమూహములందు ఆత్మహత్యలు తక్కిన సమూహములలోని వానిలో ఆఱవవంతునకు లోపేయని కనబడినది.

"రెండు విషయములు కలిసియున్నంతమాత్రమున నొకటి రెండవదానికి కారణమగునా?" యని తార్కికులు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్నయే. కాని చరిత్రను చూడుడు. పందొమ్మిదవ శతాబ్దాంతము మొదలు 1990ల వఱకు సుమారు 1,50,000 మంది మూలవాసుల బిడ్డలను కెనడా ప్రభుత్వము వసతిపాఠశాలలలో నుంచినది. తల్లిభాష పలికిన బిడ్డలకు అచ్చట శిక్ష పడెడిది. 2008లో ప్రభుత్వమే క్షమాపణ చెప్పుకొన్నది. 2015లో సత్యశోధన సంఘము దీనిని సాంస్కృతిక జాతిసంహారమని పేర్కొన్నది. తల్లిదండ్రుల లాలన యెఱుగక పెరిగినవారు తమ బిడ్డలను లాలించుట యెచ్చట నేర్చుకొందురు? త్రాగుడు ప్రమాదమును పెంచుట నిజమే. కాని త్రాగుడును నిందించి, యా చేతికి గిన్నె నందించిన దుఃఖమును విడిచిపెట్టుట యే న్యాయము?

"మనోవ్యాధికి వైద్యుడు గావలెను గాని స్వపరిపాలన మెందుకు?" అందురు మఱికొందఱు. వైద్యము వలదని మేమనలేదు. కావలెను, తప్పక కావలెను. కాని యా వైద్యమును ఇంటివాకిటికి తెచ్చువా రెవరు? అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున వైట్ మౌంటెన్ అపాచీ జాతి 2001లో తమ శాసనముగా నొక నియమము చేసికొన్నది: ఎవరికైనను ప్రాణాపాయకరమైన యాలోచన యున్నట్లు తెలిసినచో వెంటనే తెలుపవలెను. తెలిసినంతనే, శిక్షణ పొందిన అపాచీలే యా యింటికి పోయి, కుటుంబముతో మాటలాడి, చికిత్సకు దారి చూపుదురు. 2001–2006లో లక్షకు 40గా నుండిన యాత్మహత్యలు 2007–2012లో 24.7కు దిగినవి. ఆ కాలమున అమెరికా దేశపు సగటు మాత్రము తగ్గనే లేదు. వైద్యమును స్వాతంత్ర్యమును శత్రువులు గావు. ఒక బండికి రెండు చక్రములు.

ఇదంతయు దూరదేశపు కథయని మన చదువరులు పుటను త్రిప్పవలదు. మన మన్యములలో సవర, కోయ, గోండు బిడ్డలు ఆశ్రమపాఠశాలలలో చదువుకొనుచున్నారు. కెనడా బడులతో వీనిని సమానము చేయుట మా యుద్దేశము గాదు. కాని బిడ్డ నోటి కోయమాటకు తరగతిలో నవ్వు పుట్టినచో, ఆ నవ్వు ఏ మార్గమునకు మొదటి మెట్టో మనము గుర్తింపవలదా? ఆ బడిలో గురువులుగా నుండువారు మన యిండ్లనుండి పోయినవారే గదా!

జాలి జాలదు, దానములు జాలవు. ఆదివాసుల కేమి చేయవలెనని మనలో మనము సభలు చేసికొనుట మాని, వారి బడిని, వారి వైద్యశాలను, వారి భూమిని, వారి భాషను వారి చేతికిచ్చుటకు ప్రభుత్వములను నిర్బంధింతము. బ్రతుకుపై తమ కధికారము గలదని యెఱిగిన యువజనులకు రేపటిపై నాశ కలుగును. ఆ యధికారమును లాగికొని, పిమ్మట వారి నిరాశను జాతిదోషమనుట నాగరకత గాదు, నేరము.