బిడ్డ రాకముందే దోమతెర

మా చెల్లెలి కూతురు ఎనిమిదో నెలలో ఒక చీటీ రాసుకుంది. ఆరు నూలు జుబ్బాలు, డజను లంగోటీలు, టోపీ, మేజోళ్లు, ఉతికిన పాత చీర ముక్కలు నాలుగు, గొడుగులా తెరుచుకునే దోమతెర. జనరల్ బజారుకు వెళ్లొస్తానంటే మా చెల్లెలు చీటీ లాక్కుంది. "పుట్టకముందే గుడ్డపీలిక కూడా ఇంట్లోకి తేవొద్దు. అచ్చిరాదు" అంది. నేను అక్కడే ఉన్నాను. పండగ పూట మాటామాటా ఎందుకని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

బిడ్డ మూడు వారాల ముందే వచ్చింది. జనవరి చలి, రాత్రి పదకొండు గంటలు. "బట్టలేవమ్మా?" అని నర్సు అడిగితే మా చేతుల్లో ఏమీ లేదు. ఆమే బిడ్డ ఒళ్లు తుడిచి, తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పింది. అప్పుడే పుట్టిన బిడ్డ తన వేడిని తాను నిలుపుకోలేదు. తడి ఒంటి నుంచి, తల నుంచి వేడి పోతూనే ఉంటుంది. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలనప్పుడు ఎడ్గార్ రే అనే వైద్యుడు నెల తక్కువ పిల్లల్ని ఇలాగే తల్లుల ఛాతీకి ఆనించి ఉంచాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ పద్ధతిని పాటిస్తోంది. ఆ రాత్రి మా పాపకు దొరికిన మొదటి సామాను తల్లి ఒళ్లే. కానీ నెత్తిన ఒక టోపీ ఉంటే ఎంత బాగుండేదో అక్కడ నిలబడ్డ నాకు తెలుసు.

తెల్లారగానే మా అల్లుడు బజారుకు పరుగెత్తాడు. రాత్రంతా భయంతో గడిపినవాడు ఆలోచించి ఏం కొంటాడు? దుకాణంవాడు చూపించిన సెట్టు తెచ్చాడు. గుచ్చుకునే లేసు గౌను, పాలసీసా, పౌడరు, ఆవాల దిండు, చుట్టూ మెత్తలు కుట్టిన పరుపు. చీటీలో రాసినవాటిలో ఒక్కటీ అందులో లేదు.

ముందు కొనకూడదన్న మాట ఎక్కడ పుట్టిందో నాకు అర్థమవుతుంది. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. మా నాయనమ్మల కాలంలో ఖాళీ తొట్టెల, తొడగని జుబ్బా కళ్లెదుట ఉండటం ఎంత నరకమో ఊహించగలను. ఆ దుఃఖం నుంచి పుట్టిన నియమాన్ని నేను హేళన చేయను. కానీ ఆ నియమం ఒక్క బిడ్డనైనా కాపాడిందా? గుడ్డముక్క కొనని ఇళ్లలోనే కదా ఆ 129 మందిలో ఎక్కువమంది పోయింది. 2020కి ఆ సంఖ్య 28కి, తెలంగాణలో 21కి దిగింది. దించినవి టీకాలు, ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన నీళ్లు, తల్లిపాలు. మా చెల్లెలికి ఇంకోమాట కూడా చెప్పాను. 2017 జూన్‌లో మన రాష్ట్రంలో కేసీఆర్ కిట్ మొదలైంది. సర్కారు దవాఖానాలో కాన్పయిన తల్లి చేతికి జుబ్బాలు, తువ్వాళ్లు, పరుపు, దోమతెర ఇచ్చేవారు. అవన్నీ పిల్లలు పుట్టకముందే కొని గోదాముల్లో ఉంచినవే. లక్షల కుటుంబాలు వాటిని ఇంటికి తీసుకెళ్లాయి. ముందే కొన్నందుకు ఏ బిడ్డకైనా కీడు జరిగిందా? చెల్లెలు జవాబివ్వలేదు, కాదనలేదు కూడా.

పాత భయం పోయిన చోట కొత్త నమ్మకం వచ్చి కూర్చుంటోంది. ఎక్కువ కొంటే బిడ్డ క్షేమమన్నదే ఆ నమ్మకం. ఆవాల దిండు పెడితే తల గుండ్రంగా వస్తుందంటారు. అసలు నెలల పిల్లలకు దిండే వద్దు. 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని పెద్దఎత్తున ప్రచారం చేశాక నిద్రలో హఠాత్తుగా పోయే పసివాళ్ల సంఖ్య సగానికి పైగా తగ్గింది. మెత్తటిదేదైనా ముఖానికి అడ్డుపడితే పక్కకు తిప్పుకునే బలం ఆ మెడకు ఉండదు. తొట్టె చుట్టూ కట్టే మెత్తల అమ్మకాన్ని అమెరికా 2022లో చట్టం చేసి ఆపింది. మన దుకాణాల్లో అవి బారసాలకు ఇచ్చే కానుకలు. తల ఒకవైపు అణగకుండా ఉండాలంటే బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టి పక్కనే కూర్చోండి. దానికి పైసా ఖర్చు లేదు.

పాలసీసాల సంగతికొస్తే, వాటికీ డబ్బాపాలకూ ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే మన దేశంలో చట్టం వచ్చింది. సీసా మూలల్లో, నిపుల్ లోపల పాలు పేరుకుని క్రిములు పెరుగుతాయి. తల్లి పిండిన పాలు పట్టాలంటే మన ఉగ్గుగిన్నె చాలు. మూలలుండవు, నీళ్లలో మరిగించొచ్చు. ఆసుపత్రుల్లో నెల తక్కువ పిల్లలకు పాలు పట్టడానికీ అలాంటి గిన్నె వాడతారు. అదే గిన్నెలో వస అరగదీసి, తేనె కలిపి, ఆముదం పోస్తే మాత్రం నేను చెయ్యి పట్టుకుని ఆపుతాను. ఏడాదిలోపు పిల్లలకు తేనె వల్ల నరాలను చచ్చుబరిచే బోటులిజం రావచ్చు. గిన్నె మంచిదే, అందులో ఏం పోస్తున్నామన్నదే చూడాలి. కాటుక కూడా అంతే. అరికాలి మీద చుక్క పెడతానంటే నేను వాదనకు దిగను. కళ్లకు పెడితే ఒప్పుకోను, చాలా కాటుకల్లో సీసం ఉంటుంది.

ఆ చీటీలో ఒక్కటే కొనగలిగితే నేను దోమతెర కొంటాను. మా వైపు బోయిన్ చెరువు ఉంది, కూరగాయల మార్కెట్ ఉంది, వానాకాలంలో దోమలకు కొదవలేదు. సాయంత్రం కాగానే సాంబ్రాణి పొగ వేసి తలుపులు మూస్తారు, దిష్టీ పోతుంది, దోమా పోతుందని. ఆ పొగ నేరుగా వెళ్లేది నెల నిండని ఊపిరితిత్తుల్లోకి. మాకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఒకప్పుడు చాలామంది దాన్ని చెడుగాలి జబ్బు అనుకునేవారు, మలేరియా అన్న పేరుకు అర్థమే అది. హుసేన్ ఖాన్ అనే రోగి ఒక్కో దోమకు ఒక అణా తీసుకుని కుట్టించుకున్నాడు. రాస్ ఆ దోమల్ని కోసి మైక్రోస్కోపు కింద ఓపికగా చూశాడు. పొగ వేస్తే చెడుగాలి పోతుందనుకునే ఇల్లు రాస్ దాన్ని చూసిన చోటుకు ఇంత దగ్గరలో ఇంకా ఉండటం నాకు బాధగా ఉంటుంది. ఇంకో విషయం, డెంగీ దోమ కుట్టేది పగలు. అందుకే తెర రాత్రికే కాదు, మధ్యాహ్నం నిద్రకూ వేయాలి.

పాపకు ఇప్పుడు పద్నాలుగు నెలలు. లేసు గౌను ఒక్కసారీ తొడగలేదు. ఆవాల దిండు విప్పి ఆవాలు కుండీలో చల్లేశాం, మొలిచాయి. తర్వాత తెచ్చిన దోమతెర మాత్రం రోజూ వాడాం, ఒకచోట చిరిగితే కుట్టాను. పక్కింటి కోడలికి వచ్చే నెల పురుడు. వాళ్ల అత్తగారు కొత్త బట్టలకు ఇంకా ఒప్పుకోలేదు, పాత పంచె ముక్కలు ఉతికి ఆరేయడానికి ఒప్పుకున్నారు. టోపీ నేను అల్లుతున్నాను. తెర ఆదివారం ఉతికి ఇచ్చొస్తాను.