నోటిఫికేషన్‌ వచ్చేదాకా ఆగాలా?

"ముందు ఉద్యోగం రానీ, తర్వాత తిరుగుదువుగానీ." తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో డిగ్రీ అయిన చాలామంది ఇంట్లో వినే మాటే ఇది. అందులో తప్పేమీ లేదు. కానీ రెండ్రోజులు అమ్మానాన్నలతో గండికోట వెళ్లి నడిచొస్తే సిలబస్‌ ఎక్కడికీ పోదు.

మన డెల్టాలో గండి అంటే కాలువ కట్ట తెగడం. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర గండి అంటే ఎర్రమల కొండల్ని చీల్చుకుంటూ పెన్నా పారే లోయ. మన దగ్గర నది ఒండ్రు పరిచింది, అక్కడ రాయిని కోసింది. ఆ రాతికి భూగర్భశాస్త్రంలో గండికోట పేరే పెట్టారు. కోటలో మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చూస్తూ నడిస్తే చరిత్ర పాఠమూ అయిపోతుంది.

ఈ దారిలో కొలువులూ ఉన్నాయి. జియాలజీలో పీజీ చేసినవారు యూపీఎస్సీ జియో సైంటిస్ట్‌ పరీక్ష రాయొచ్చు. 1851లో మొదలైన జీఎస్‌ఐలో చేరడానికి అదే వాకిలి. పర్యాటక రంగం నచ్చితే నెల్లూరులో ఐఐటీటీఎం ఉంది.

ప్రయాణం, బస, ఖర్చుల లెక్క ఇంట్లోవాళ్లకి వదిలేయకుండా మీరే చూడండి. "ఏదైనా బాధ్యత తీసుకున్నారా?" అని ఇంటర్వ్యూలో అడిగితే బట్టీ పట్టని జవాబు మీ దగ్గరుంటుంది. ఎండ ముదరకముందే నడవండి, నీళ్లు పట్టుకెళ్లండి. సెల్ఫీ కోసం లోయ అంచుకు మాత్రం పోవద్దు.

ఉద్యోగం ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు వస్తుంది. అమ్మానాన్నల మోకాళ్లు మన నోటిఫికేషన్‌ కోసం ఆగవు.