ఖాయిదాకు ముందు ఒక బొమ్మల పుస్తకం

"మౌల్వీ సాబ్, పిల్లవాడికి ఖాయిదా ఎప్పుడు మొదలుపెట్టమంటారు?" మూడేళ్ల బిడ్డలున్న తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఖాయిదాకు దాని వేళ వస్తుంది. అంతకు ముందు రోజూ కాసేపు బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని ఒక మంచి బొమ్మల పుస్తకం చూడండన్నది నా సలహా.

మా కొంగరకలాన్‌లో పొలాల పక్కనే జిల్లా కలెక్టరేట్ వచ్చింది, పెద్ద ఎలక్ట్రానిక్స్ కర్మాగారం వచ్చింది. షిఫ్టు ముగించుకుని తండ్రి ఇల్లు చేరేసరికి బిడ్డ నిద్రలోనైనా ఉంటుంది, ఫోనులోనైనా ఉంటుంది. ఫోను బిడ్డ ఏడుపు మాన్పగలదు గానీ, బిడ్డ వేలు పెట్టి చూపినదేమిటో గమనించి బదులు పలకలేదు.

హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ పాలు మానిన పసివాడు. అతనికొక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోగా పిల్లవాడు దిగులుపడ్డాడు. దైవప్రవక్త (స) అతణ్ణి పలకరించి, ఆ పిట్ట సంగతే, అతని పేరుకు ప్రాస కలిసే ముద్దుమాటలతో అడిగారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ చిన్న ఉల్లేఖనం నుండి ఇబ్నుల్ ఖాస్ అనే షాఫిఈ పండితుడు 60 ప్రయోజనాలను వెలికితీశారు. అందులో మనకు కావలసింది ఒక్కటే: బిడ్డ మనసు ఎక్కడుందో మాట అక్కడి నుండి మొదలు కావాలి. బొమ్మల పుస్తకం అందుకు చక్కని సాధనం.

ఉదాహరణకు, ఎరిక్ కార్ల్ అనే అమెరికా చిత్రకారుడు 1969లో వెలువరించిన 'ది వెరీ హంగ్రీ కేటర్‌పిల్లర్'ను తీసుకోండి. 60కి పైగా భాషల్లోకి వెళ్లిన పుస్తకమిది. గొంగళిపురుగు సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు బేరిపళ్లు, ఇలా శుక్రవారం నాటికి ఐదు నారింజలు తింటుంది. తిన్నచోటల్లా పుటకు నిజంగానే రంధ్రం ఉంటుంది. పసివేలు అందులో దూరకుండా ఉండదు. శనివారం అదీ ఇదీ తిని కడుపునొప్పి తెచ్చుకుంటుంది. ఆదివారం ఒక పచ్చని ఆకుతో కుదుటపడుతుంది. చివరకు సీతాకోకచిలుక అవుతుంది. ఇంగ్లీషు రాదని వెనుకాడవద్దు. బొమ్మ చూసి మీ ఇంటి మాటల్లోనే చెప్పండి. ఇంట్లో తిత్లీ అన్నదే బడిలో సీతాకోకచిలుక అని బిడ్డ సులువుగా గ్రహిస్తుంది.

ప్రాణుల చిత్రాల గురించి కొందరికి సంకోచం ఉంటుంది. ఈ విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్న మాట నిజమే. అయితే హజ్రత్ ఆయిషా (రజి) ఆటబొమ్మల్లో రెక్కల గుర్రం ఉండడం, దాని గురించి ఆమె ఇచ్చిన జవాబుకు దైవప్రవక్త (స) నవ్వడం అబూ దావూద్ గ్రంథంలో ఉంది. పిల్లల విషయంలో సడలింపు ఉందనే పండితులు దీన్ని ఆధారంగా చూపుతారు. ఇక శనివారం పుటలో పాశ్చాత్యుల మాంసపు వంటకాలు రెండున్నాయి. బిడ్డ అడిగితే "హలాల్ అయితేనే మనం తింటాం" అని ఒక్క మాట చెప్పి పుట తిప్పండి.

ప్రతి పుటనూ పాఠంగా, పరీక్షగా మార్చకండి. అదే పుస్తకం పదోసారి అడిగినా విసుక్కోకండి. మరునాడు పెరట్లోని కరివేపాకు మొక్క దగ్గరకు తీసుకువెళ్లండి. ఆకు తినే పురుగు అక్కడ కనిపిస్తే దానికి ఆకలి ఇచ్చిందెవరో, రెక్కలు తొడిగేదెవరో చెప్పండి. తేనెటీగ, చీమ, సాలెపురుగుల పేర్లతో సూరాలున్న దివ్యఖుర్‌ఆన్‌ను రేపు చదవబోయే బిడ్డకు ఇది తగిన తొలి అడుగు.

అల్లాహ్ మన సంతానాన్ని మన కళ్లకు చలువగా చేయుగాక. ఆమీన్.