పన్నెండేండ్ల పాఠము

పాఠ్యగ్రంథమును తుదిపుట వరకు ముగించుటయే బోధనకు పరమార్థమను నమ్మకము మన విద్యాలయములలో పాతుకొనియున్నది. దానిని పరీక్షించుటకు లండను నగరమున బోధించిన మార్టిన్ లాయిడ్-జోన్స్ జీవితము చక్కని గీటురాయి.

1899లో వేల్సు దేశమందలి కార్డిఫ్‌లో జన్మించిన ఆయన 1921లో వైద్యపట్టము పొంది, రాజవైద్యుడైన సర్ థామస్ హోర్డర్‌నకు సహాయకుడయ్యెను. ధనమును కీర్తియు చేరువలో నుండగనే 1927లో ఆ వృత్తిని వీడి, దక్షిణ వేల్సులోని అబెరావాన్‌లో రేవు పనివారును ఉక్కు పనివారును నివసించు పేటకు సంఘకాపరిగా పోయెను. అచ్చట జనాకర్షణకై నడుచుచుండిన నాటకసంఘమును మాన్పించెను. సాహిత్యప్రియులకు ఈ చర్య రుచింపదు. రుచింపవలసిన పనియు లేదు. అయినను దాని వెనుకనున్న విశ్వాసము గమనింపదగినది: మూలగ్రంథమును సరిగా విప్పి చెప్పినచో శ్రోతలను రప్పించుటకు వేరొక ఆకర్షణ యక్కరలేదని ఆయన తలంపు.

1939లో లండనులోని వెస్ట్‌మినిస్టర్ చాపెల్‌కు సహకాపరియై, 1943 నుండి ఆ భారమును తానే వహించెను. కాల్విను సంప్రదాయమునకు చెందిన ఆయనకు లేఖనవివరణమే ఆరాధనలో ప్రధానాంగము. 1955 అక్టోబరులో, పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికపై శుక్రవారపు సాయంకాలములందు ఉపన్యాసము లారంభించెను. 16 అధ్యాయముల ఆ పత్రికను ఒక్క పూటలో చదువవచ్చును. ఆయన 12 ఏండ్లకు పైగా వివరించియు, 1968 మార్చినాటికి 14వ అధ్యాయము 17వ వచనమునొద్దనే నిలిచెను. అంతలో వ్యాధియు శస్త్రచికిత్సయు సంభవించెను. ఆ యేడే కాపరిపదవిని విరమించెను. పాఠము ముగియనే లేదు.

ఇది వైఫల్యమా? మందిచ్చుటకు ముందు వ్యాధిని నిర్ణయించు వైద్యుని అలవాటు ఆయనను విడువలేదు. 'కావున' అను చిన్నమాట దేనిని దేనితో ముడివేయుచున్నది, వినువానికి కలుగు సందేహమెట్టిది, ఇవి తేలిన పిమ్మటనే తరువాతి వచనము. ఆ ఉపన్యాసములు 1970 నుండి గ్రంథములుగా వెలువడసాగెను. 1981లో మరణించువరకు వాటిని అచ్చునకు సిద్ధపరచుట ఆయన పనులలో నొకటి.

బడిపంతులునకు ఇంతటి స్వేచ్ఛ లేదు. పరీక్ష తేదీ ఆయనకై ఆగదు. ఆయన తరగతిలోని బాలురు కోరి వచ్చిన శ్రోతలును కారు. కాని సంవత్సరమునకు ఒక్క పద్యమునైనను ఈ తీరున బోధింప వీలులేదా? అన్వయము కుదిరి, సందేహము తీరి, భావము తనంతట తాను తోచువరకు ఒక పద్యముకడ నిలిచిన విద్యార్థి తక్కిన పద్యములను గురువు లేకయే చదువుకొనగలడు. తొందరలో నూరు పద్యములు దాటింపబడినవానికి ఆ శక్తి అలవడదు.